మైకుసెట్టు ఆవిడ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూములో కూర్చుని తొమ్మిదో తరగతి తెలుగు పేపర్లు దిద్దుతుంటే ఫోనుకి ఒక లింకు వచ్చింది. పంపింది గిరి. ఒకప్పుడు మా బ్యాండులో గిటారు వాయించేవాడు, ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం. మేమిద్దరం మాట్లాడుకుని ఏడాది దాటింది. లింకు కింద ఒక్క మాట కూడా రాయలేదు.

తెరిచి చూశాను. మా గోదావరి జిల్లాల నుంచి ఈ ఏడాది కొత్తగా వచ్చిన పంక్, హార్డ్‌కోర్ రికార్డుల గురించి ఎవరో రాసిన వ్యాసం. అమలాపురం బ్యాండుది ఒకటి, భీమవరం వాళ్ళది ఒకటి, కాకినాడ నుంచి అన్నాచెల్లెళ్ళిద్దరే కలిసి చేసింది ఇంకొకటి. ఈ పాటల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాట నిమిషమున్నర ఉంటుంది, డ్రమ్ములు పరిగెడతాయి, గిటారు గరగరలాడుతుంది, పాడేవాళ్ళు పాడరు, అరుస్తారు. సినిమాలకి అక్కర్లేదు, పెళ్ళిళ్ళకి పనికిరాదు. రెండు జిల్లాల్లో వినేవాళ్ళందరినీ పోగేస్తే ఒక బస్సులో పడతారు.

వ్యాసం చివర ఒక మాట ఉంది. ఈ కొత్త రికార్డుల్లో అన్నీ ఉన్నాయి గానీ, పాత నిడదవోలు షెడ్డు టేపుల్లో ఉన్న బరువు లేదట. ఆ టేపులు ఎవరు రికార్డు చేశారో ఎవరికీ తెలియదట.

నాకు తెలుసు. గిరికి తెలుసు. ఆవిడ పోయి అప్పటికి పది నెలలు.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. మా టేపుల మీద కూడా రాయలేదు. అట్ట మీద వేస్తామంటే ఒప్పుకునేది కాదు. "పేరెందుకమ్మా, అదేవన్నా శుభలేఖా?" అనేది.

నిడదవోలు స్టేషను వెనక, కాలవగట్టు పక్కన రేకుల షెడ్డు. బయట గోడ మీద నీలం రంగుతో మైకుసెట్టు, లైటింగు, షామియానా అని రాసి, దాని కింద ఆవిడ భర్త పేరు. ఆయన ఒక ఊరేగింపు కోసం స్తంభం మీద హారను కడుతూ కరెంటు తగిలి పోయారు. ఈ సంగతి ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా డ్రమ్మరు పాల్‌ది నిడదవోలే, ఆవిడ వెళ్ళే చర్చే. వాళ్ళమ్మ చెప్పింది. ఆయన పోయాక సరుకంతా అమ్మేసుకుంటుందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారట. ఆవిడ నెల తిరక్కుండానే నిచ్చెన ఎక్కి తనే హారన్లు కట్టింది.

ఎవరి చేతికైనా మైకు ఇచ్చే ముందు తన వేళ్ళ వెనక వైపుతో ఒకసారి దాన్ని తాకేది. అరచేత్తో పట్టుకున్నప్పుడు షాకు కొడితే చెయ్యి బిగుసుకుపోతుంది, వదలదు. వెనక వైపుతో తాకితే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. పాస్టరుగారైనా, ఎమ్మెల్యే అయినా, నేనైనా అంతే. "ముందు నాకు కొట్టాలి. తరవాతే మీకు," అనేది. గుడి ఉత్సవాలకీ, చర్చి కూటాలకీ, ఎన్నికలకీ అవే మైకులు వెళ్ళేవి. ఎవరన్నా దాని మీద సణిగితే, "మైకుకి కులవూ లేదు మతవూ లేదండి, ఎర్తింగు ఉంటే చాలు," అనేది.

మేము మొదటిసారి వెళ్ళింది డిగ్రీ రెండో సంవత్సరంలో. రాజమండ్రిలో రెండు స్టూడియోల వాళ్ళు మా పాట పూర్తిగా వినకుండానే బయటికి పంపించేశారు. అప్పుడు పాల్ ఈ షెడ్డు మాట చెప్పాడు. ప్యాసింజరు రైల్లో గిటార్లూ, ఒక డ్రమ్మూ ఒళ్ళో పెట్టుకుని వంతెన దాటాం. పాటలు రికార్డు చెయ్యాలని పాల్ ముందే చెప్పి ఉంచాడు. క్రిస్మస్ పాటలనుకుందేమో, ఉన్నవాటిలో మంచి మైకు తీసి పెట్టింది. మేము మొదలుపెట్టాం. నేను నోరు తెరిచాను.

"ఆగండాగండి," అంటూ వచ్చేసింది. నా మొహంలోకి చూసింది. "ఎవరమ్మా పోయారు?"

"ఎవరూ పోలేదండీ."

"మరి?"

"పాటండీ. ఇలాగే ఉంటది."

ఆవిడ పాల్ వైపు తిరిగింది. "ఏరా, పాటలన్నావ్?"

"ఇయ్యే పాటలు ఆంటీ," అన్నాడు వాడు తల గోక్కుంటూ.

ఇంక మూటాముల్లె సర్దుకోవాలనుకున్నాం. ఆవిడ మైకు స్టాండుని నా నోటికి జానెడు దూరం వెనక్కి జరిపింది. "ఏడ్చేవాళ్ళకీ, ఉపన్యాసాలిచ్చేవాళ్ళకీ మైకు దగ్గరగా పెట్టకూడదమ్మా. ఎలాగూ వాళ్ళే మీదకొస్తారు," అంది. వెళ్ళి కూర్చుని, "ఊఁ, కానివ్వండి," అంది.

అలా మొదలైంది. మా తర్వాత తణుకు వాళ్ళు, భీమవరం వాళ్ళు, కోనసీమ వాళ్ళు, అందరూ ఆ షెడ్డుకే వచ్చారు. గోడలకి షామియానా గుడ్డలు కట్టి, వాటి వెనక కొబ్బరిపీచు పరుపులు నిలబెట్టింది. ఎర్రా పసుపూ పువ్వుల మధ్య నిలబడి మేము లోకాన్ని తిట్టేవాళ్ళం. ఆవిడ మిక్సరు ముందు కూర్చుని ఎడమచేత్తో నాబులు తిప్పుతూ, కుడి అరచెయ్యి స్పీకరు పెట్టె మీద ఆనించి ఉంచేది, జ్వరం చూస్తున్నట్టు. కళ్ళు మూసుకునేది. ఏదన్నా నచ్చకపోతే, "ఇక్కడ తన్నాలి, తన్నట్లేదు," అని మళ్ళీ వాయించమనేది. ఆవిడ తన్నింది అన్నాక వింటే మాకు నిజంగానే గుండె మీద తన్నినట్టు ఉండేది.

మధ్యలో ఉన్నట్టుండి చెయ్యెత్తేది. "ఆగండి. గూడ్సు."

మాకెవరికీ ఏమీ వినపడేది కాదు. ఒక నిమిషం తర్వాత దూరంగా రైలు కూత. అబ్బ, ఏం చెవులురా బాబూ అనుకునేవాళ్ళం. ఆవిడ షెడ్డులో ఎప్పుడూ చెప్పుల్లేకుండా నిలబడుతుందని చూశాం గానీ, దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించలేదు. వెనకనుంచి పిలిస్తే పలికేది కాదు. "మొహం చూపించి మాట్లాడమ్మా, నాతో కదా మాట్లాడుతున్నావ్, గోడతో కాదుగా," అని కోప్పడేది. మర్యాద నేర్పుతోందనుకున్నాం.

భర్త కొని ఉంచిన ఖాళీ క్యాసెట్లు అట్టపెట్టెల నిండా మిగిలిపోయాయి. మేము పాటలు నెట్‌లో పెట్టుకున్నా, ఆవిడ మాత్రం ప్రతి రికార్డునీ క్యాసెట్ల మీదకి ఎక్కించేది. షెడ్డులో ఒక గోడకి అరలుండేవి. పై అరలో భక్తిపాటలు, దాని కింద క్రీస్తు పాటలు, దాని కింద ఎన్నికల పాటలు, అన్నిటికన్నా కింద మావి. ఆ అరకి స్కెచ్ పెన్నుతో 'కొత్త కేకలు' అని తనే రాసి అంటించింది. శనివారం మధ్యాహ్నాలు భీమవరం నుంచీ తణుకు నుంచీ రైలు దిగి ఆ అర ముందు కింద కూర్చునేవాళ్ళు ఉండేవారు. "ఈ వారం ఏవొచ్చినయ్ ఆంటీ?" అని అడిగితే ఆవిడ మొహం వెలిగిపోయేది.

ఒకసారి ఏదో పెళ్ళిలో బాక్సులు పరీక్షించడానికి మా పాట వేసింది. పెళ్ళికొడుకు మేనమామ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఇది, శుభమా అంటూ!"

"బాక్సులు తట్టుకుంటాయో లేదో చూస్తన్నానండి," అందట ఆవిడ. "దీన్ని తట్టుకుంటే మీ బావగారు పాడినా తట్టుకుంటాయ్."

మా అమ్మావాళ్ళ ఊళ్ళో రొయ్యల చెరువులు వచ్చాక మంచినీళ్ళ బావి ఉప్పుబారిపోయింది. దాని మీద నేనొక పాట రాశాను, 'ఉప్పునీళ్ళు' అని. పాటంతా ఒకటే మాట, తాగండి, తాగండి. ఆవిడ విని, "ఎవర్నమ్మా తాగమంటున్నావ్?" అంది.

"చెరువులు తవ్వినోళ్ళని ఆంటీ."

"వాళ్ళు మినరల్ వాటర్ తాగుతారమ్మా."

ఆవిడ నా భుజం తట్టింది. "అయినా అరిచెయ్యి. లోపల పెట్టుకుంటే గొంతు పుండవుద్ది."

నన్ను కన్న అమ్మ కూడా నన్ను అరవమని ఎప్పుడూ అనలేదు.

మా నాలుగో రికార్డు అప్పటికి మా చదువులైపోయాయి. గిరికి ఉద్యోగం వచ్చింది. సెలవు పెట్టి వచ్చి రెండు రోజులు వాయించాడు. రెండో రోజు మధ్యాహ్నం ఎవరో మైకు తీసుకెళ్ళి స్పీకరు ముందు పెట్టారు. మైకు కూత పెట్టింది. మామూలు కూత కాదు, పళ్ళు జివ్వుమనే కూత. నేను చెవులు మూసుకున్నాను, పాల్ డ్రమ్ముల మీద నుంచి దూకి మైకు లాగేశాడు. మైకుసెట్టు నడిపేవాళ్ళకి నిద్రలో వినపడినా లేచి పరిగెత్తే కూత అది. ఆవిడ అప్పుడు మాకు నాలుగడుగుల దూరంలో కూర్చుని క్యాసెట్ల మీద పేర్లు రాస్తోంది. తలెత్తలేదు. తీరిగ్గా సున్నా చుట్టి, పెన్ను మూత పెట్టి, మమ్మల్ని చూసి, "ఏంటి, టీ పెట్టనా?" అంది.

గిరి, నేను ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

రికార్డు పూర్తయి చేతికొచ్చాక గిరి, నేను విన్నాం. బాగాలేదు. ఈ మాట దాచి లాభం లేదు. పైస్థాయి శబ్దాలన్నీ విపరీతంగా పెంచేసింది. సూదులతో గుచ్చుతున్నట్టు ఉంది. తనకి వినపడని వాటిని వినపడేదాకా పెంచుకుంటూ పోయింది, పాపం.

"ఆవిడకి వినపట్టంలేదు," అన్నాడు గిరి. "ఎన్నాళ్ళనుంచో."

"చెబుదాం."

"ఏవని చెప్తావ్? మైకుసెట్టు ఆవిడకి వెళ్ళి మీకు చెవుడండీ అని చెప్తావా? హైదరాబాదులో మావాడొకడున్నాడు, సరిచేయిస్తా. ఆవిడకి తెలియక్కర్లేదు. తన పనే అనుకుంటది. ఎవరికీ బాధ ఉండదు."

నేను ఊరుకున్నాను. జాలితో ఊరుకున్నానని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, అదొక్కటే కాదు. హైదరాబాదు నుంచి వచ్చినదాంట్లో డ్రమ్ముల తన్ను తగ్గింది గానీ, నా గొంతు శుభ్రంగా, పదునుగా వినపడింది. నాకది నచ్చింది. నాలుగు ఊళ్ళ అవతలివాళ్ళు కూడా వింటారనిపించింది.

ఆ ఫైలే ఆవిడకి ఇచ్చాం, మీరు చేసిందేనని. పాల్‌కి కూడా చెప్పలేదు. ఆవిడ దాన్ని క్యాసెట్ల మీదకి ఎక్కించింది. ఆదివారం చర్చి అయ్యాక అన్ని బ్యాండుల వాళ్ళనీ షెడ్డుకి పిలిచింది. ఇరవైమంది దాకా వచ్చారు. ఆవిడ చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే ఉంది. టీ కాచి, గ్లాసులు వరసగా పెట్టి, క్యాసెట్టు వేసి, అలవాటు ప్రకారం అరచెయ్యి పెట్టె మీద ఆనించింది.

మొదటి పాట 'ఉప్పునీళ్ళు'. పది సెకన్లు గడిచాయో లేదో, ఆవిడ చెయ్యి కొంచెం పక్కకి జరిపింది. మళ్ళీ ఇంకొంచెం. రెండో చెయ్యి కూడా పెట్టింది. తర్వాత టేపు ఆపింది. అందరూ కబుర్లాపేశారు. వైర్లు చూసింది. పెట్టె మార్చి మళ్ళీ వేసింది. మళ్ళీ ఆపింది.

తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఇరవైమందిలో నా దగ్గరికే.

"అమ్మాయ్, మొహం చూపించి చెప్పు. ఇది నేను చేసిందేనా?"

గిరి నేల చూస్తున్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. చెవులు పోయాయని ఆవిడకి తెలుసు. మాకన్నా చాలా ముందే తెలుసు. చెవులు పోతుంటే చేతికి వినడం నేర్పుకుంది. ఆ చెయ్యి ఇప్పుడు ఆవిడకి నిజమే చెబుతోంది, ఇది నీ పని కాదు అని. చేతిని నమ్మాలో నన్ను నమ్మాలో అడగడానికి వచ్చింది.

"మీరు చేసిందే ఆంటీ," అన్నాను.

ఆవిడ నా పెదాల వైపు చూస్తూ ఉండిపోయింది. నా మాట మీద అనుమానం ఎక్కడా కనిపించలేదు. తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. తడిగా ఉన్నట్టు పైటకొంగుతో తుడుచుకుంది.

"అయితే ఇదీ పోయిందన్నమాట," అంది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, మా ఇద్దరికీ తప్ప. అప్పుడైనా చెప్పచ్చు. ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉంది. కాదు ఆంటీ, మీ చెయ్యే నిజం, మేమే అబద్ధం అని అనచ్చు. అందరూ చూస్తున్నారు. నేను టీ గ్లాసు తీసుకున్నాను. ఆవిడ మిగతావాళ్ళకి కూడా టీ అందించింది, ఒక్కొక్కరినీ చక్కెర సరిపోయిందా అని అడుగుతూ.

తర్వాతి వారం పాల్ వెళితే షెడ్డుకి తాళం వేసి ఉందట. ఇంటికి వెళ్ళాడు. "ఇంక నావల్ల కాదురా. మీ పాటలు పాడుచేసేస్తాను," అందట. భీమవరం బ్యాండు వాళ్ళ రికార్డు సగంలో ఉంది. వాళ్ళు వచ్చి బతిమాలినా వినలేదు. రెండు మూడు నెలల్లో మిక్సరు కొవ్వూరు ఆయనెవరికో ఇచ్చేసింది, హారన్లు పాతసామాను కింద పోయాయి. షెడ్డు అద్దెకిచ్చేసింది. నిచ్చెన ఎక్కడం మానేసింది. భర్త పోయినప్పుడు మానని మనిషి.

మా బ్యాండూ ఎంతోకాలం లేదు. పదునుగా వినపడిన ఆ నాలుగో రికార్డుని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడొచ్చిన ఈ వ్యాసంలో కూడా దాని ఊసు లేదు. నేను బీఈడీ చేసి బడిలో చేరాను. తెలుగు చెబుతాను. పిల్లలు ఎంత అల్లరి చేసినా గొంతు పెంచను, పెరగదు కూడా.

కిందటేడు దసరా సెలవుల్లో వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ వాక్యం కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. సగానికి సగం అయిపోయింది మనిషి. చూపు కూడా మసకేసింది. దగ్గరగా వెళ్ళి నిలబడ్డాక పోల్చుకుంది.

"నువ్వా అమ్మాయ్! ఎంత చిక్కిపోయావే!" అని అరిచింది. తన గొంతు తనకి వినపడక అరుస్తోంది. "కూచో కూచో. చెవులు అసలు లేవమ్మా ఇప్పుడు. మిషను ఇచ్చారు గానీ హోరే తప్ప మాట రావట్లేదు. ఏం మాట్లాడినా నాకు ఎక్కదు. నువ్వు కూచుంటే చాలు."

పక్కన కూర్చున్నాను. "ఆంటీ, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను," అన్నాను. నవ్వుతూ చూస్తోంది. పెదాలు ఆనవాలు పట్టే చూపు లేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"అది మీరు చేసింది కాదు ఆంటీ! మేం మార్పించాం! మీ చెయ్యి పోలేదు! మీ చెయ్యి పోలేదు!"

పదేళ్ళ తర్వాత అరిచాను. గొంతు జీరబోయింది, ఏడుపొచ్చేసింది. మొహం ఎలా ఉందో ఏమో. ఆవిడ నవ్వు ఆగిపోయింది. చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎందుకమ్మా తిడుతున్నావ్?" అంది. "ఏం తప్పు చేశాను నేను?"

పక్కింటి ఆవిడ పరిగెత్తుకొచ్చింది, "ఏంటండీ, ఏంటి గొడవ?" అంటూ.

ఆవిడ ఆమెకి చేత్తో సైగ చేసింది. "ఏం లేదులే. మా అమ్మాయే. ఏదో కోప్పడుతోంది. పెద్దదైంది కదా, టీచరు."

నా సంచిలో కాగితాలున్నాయి, పెన్నుంది. ఎదురుగా గోడ మీద క్యాలెండరులో పెద్ద అంకెలకి సున్నాలు చుట్టి ఉన్నాయి, అంటే అవి ఆవిడకి ఇంకా కనిపిస్తున్నాయి. పెద్ద అక్షరాలతో రాసి ముందు పెడితే చదివేది. నాలుగు మాటలు. చదివాక తలెత్తి నన్ను చూస్తుంది. ఆ చూపు ఎలా ఉంటుందోనని సంచి తెరవలేదు. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాను.

"భోంచేద్దువుగాని రా," అంది.

వంటింట్లోకి గోడ పట్టుకుని నడిచింది. పీట వేసింది. చేపల పులుసు ఉంది, పొద్దున్న కాచింది. అన్నం పెట్టి, పులుసు వేసి, నా ఎదురుగా కూర్చుని నా మొహం వైపే చూస్తూ ఉంది. పెద్ద ముక్క తీసి నా పళ్ళెంలో వేసింది. వద్దంటుంటే ఇంకొకటి వేసింది.

"కోపం తగ్గిందా అమ్మా?" అని అడిగింది.

తగ్గిందని తలూపి, తిన్నాను.